పిలిచినా పలకని గ్రంథి

నేను ఉద్యోగంలో ఎప్పుడు చేరానో, ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానో తెలుసుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. ఆ వివరాలన్నీ ఏదో ఒక కార్యాలయపు బీరువాలో భద్రంగా ఉన్నాయి. చెదపురుగులు వాటిని ఈపాటికి శ్రద్ధగా అధ్యయనం చేసి ఉంటాయి. జనగామలోనూ, మహబూబాబాద్‌లోనూ, చివరకు భూపాలపల్లిలోనూ ప్రభుత్వ దవాఖానలలో సాధారణ వైద్యుడిగా పనిచేశాను. ఈ మూడూ అప్పట్లో వరంగల్ జిల్లాలోవే. ఇప్పుడు మూడూ మూడు జిల్లా కేంద్రాలు. ఊళ్లకు దక్కిన పదోన్నతి అక్కడ పనిచేసిన వైద్యులకు దక్కలేదు గనుక ఆ ప్రస్తావనను ఇక్కడితో ముగిస్తున్నాను.

ఇది కొత్తగా దవాఖానలో అడుగుపెట్టే యువవైద్యుల కోసం రాస్తున్నాను. మీరు నాకంటే ఎక్కువ చదివి వస్తారు. చేతిలో ఫోను ఉంటుంది, ఫోనులో లోకం ఉంటుంది. మీకు తెలియనిది ఒక్కటే: ఎదురుగా మంచం మీద కూర్చున్న మనిషి. ఆ మనిషిని ప్రశ్న అడగడం ఎలాగో నేర్పే తరగతి ఏ కళాశాలలోనూ లేదు. ఒకే ఒక్క పరీక్షను ఆధారం చేసుకొని ఆ సంగతి చెప్పదలచుకున్నాను.

టోపీల్లాంటి గుమస్తాలు

మూత్రపిండాల నెత్తిన టోపీల్లా రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిని అడ్రినల్ గ్రంథులు అంటారు. అవి కార్టిసాల్ అనే హార్మోనును తయారుచేస్తాయి. మనిషికి జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా, కడుపు కోసినా రక్తపోటు పడిపోకుండా నిలబెట్టేది అదే. ఆ గ్రంథులు తమంతట తాము పనిచేయవు. మెదడు కింద పిట్యూటరీ అనే పై అధికారి ఉన్నాడు. ఆయన ఏసీటీహెచ్ అనే ఆజ్ఞ పంపితేనే ఈ గుమస్తాలు కదులుతాయి. ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసిన వారికి ఈ ఏర్పాటును ఇంతకంటే వివరించనక్కరలేదు.

గ్రంథి పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ముందుగా రక్తం తీస్తాము. తర్వాత ఆ ఆజ్ఞనే సూది రూపంలో మనం ఇస్తాము. అరగంటకు, గంటకు మళ్లీ రక్తం తీసి కార్టిసాల్ పెరిగిందేమో చూస్తాము. పెరిగితే గుమస్తా కుర్చీలో ఉన్నట్టు. పెరగకపోతే కుర్చీ మీద తువ్వాలు మాత్రమే ఉన్నట్టు.

ఇంత సులభమైన పరీక్షను చెడగొట్టడం అసాధ్యమని మీరు అనుకోవచ్చు. మా దవాఖాన సామర్థ్యాన్ని మీరు తక్కువగా అంచనా వేస్తున్నారు.

జనగామ సేటు

నేను ఆ పరీక్షను మొదట చేయించింది జనగామలో. దేవరుప్పుల నుంచి, పాలకుర్తి నుంచి ఆటోలలో వచ్చే రైతులతో నిండిపోయిన బయటి రోగుల గదిలోకి ఒకనాడు ఒక ధాన్యపు వ్యాపారి భార్యతో సహా వచ్చాడు. బజారులో అందరూ ఆయనను సేటు అనేవారు. ఆయనకు నీరసం, వాంతులు. భార్యకు మాత్రం అంతకంటే పెద్ద బాధ ఉంది.

"సారూ, మా ఆయన నల్లగైండు. పెండ్లప్పుడు గిట్ల లేడు. గల్లాపెట్టె కాడ నీడకు కూసునేటోడు ఎండల తిరిగినట్టు గిట్ల నల్లగెందుకైతడు?"

"దాని సంగతి ఇడిసిపెట్టు," అన్నాడు సేటు. "నా పానం పోతున్నదంటే గీమెకు నా రంగు పరేషాన్."

చిగుళ్లు, అరచేతి గీతలు కూడా నల్లబడ్డాయి. ఊరగాయ జాడీ అడుగున మిగిలే ఉప్పునీటిని గ్లాసులో పోసుకొని తాగుతున్నాడట. ఎప్పుడో క్షయకు మందులు సగం వాడి మానేశాడట. అప్పటి మా పెద్ద వైద్యుడు ఆయనకు బలానికి టానిక్కూ, రంగుకు మలామూ రాసి, రెండు రోగాలనూ ఒకే చీటీతో నయం చేశానన్న తృప్తితో పంపించారు. ఆ నలుపూ, ఉప్పు మీది ఆశా ఈ గ్రంథులు మూతపడితే కనిపించే గుర్తులు గనుక నేను పరీక్ష చేయించాను. ఆజ్ఞ వెళ్లింది, జవాబు రాలేదు. గ్రంథులను క్షయ ఎప్పుడో తినేసింది.

జీవితాంతం గోలీలు వేసుకోవాలని చెప్పినప్పుడు సేటు దాన్ని తన వ్యాపారపు లెక్కలో వేసుకున్నాడు.

"అంటే సారూ, లోపల సరుకు తయారైతలేదు. బయటికెంచి తెప్పిచ్చుకోవాలె. గంతేగద?"

"అంతే."

"హోల్‌సేల్‌ల దొరుకదా?"

ఈ రోగాన్ని ఇంత స్పష్టంగా వివరించిన పాఠ్యగ్రంథం నాకు ఇంతవరకు కనబడలేదు. సేటు క్రమం తప్పకుండా గోలీలు వేసుకున్నాడు. ఆయన రంగు తిరిగి వచ్చింది. భార్య ఆ ఘనతను మలాముకే ఇచ్చింది.

భాషాభిమానుల దవాఖాన

అసలు పాఠం నేర్పింది మహబూబాబాద్. అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూవాడా కదిలిన రోజులు. ఆఫీసులకు తాళాలు, బడులకు సెలవులు, బస్సులు డిపోలలో. దవాఖాన మాత్రం తెరిచే ఉండేది. రోగాలు బంద్‌కు మద్దతు ప్రకటించలేదు. మేమంతా నల్ల బ్యాడ్జీలు పెట్టుకొని పనిచేసేవాళ్లం. మధ్యాహ్నం పూట గేటు ముందు శిబిరంలో కొంతసేపు కూర్చునేవాళ్లం.

ఆ శిబిరంలో ప్రధాన వక్త మా సూపరింటెండెంటు గారు. ఆయన శస్త్రవైద్యులు, హన్మకొండ వాస్తవ్యులు, చేయి తిరిగిన వారు. ఆపరేషన్ బల్ల దగ్గర ఆయనను నేను మెచ్చుకోని రోజు లేదు. కష్టమంతా నోరు తెరిచినప్పుడే వచ్చేది. మన భాషను వెక్కిరించారనీ, మన యాసను సినిమాలలో తాగుబోతుల నోట పెట్టారనీ ఆయన మైకు ముందు ఆగ్రహించేవారు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కాని ఆ ప్రసంగం మొత్తం వార్తలు చదివే వారి తెలుగులో సాగేది. చదువుకునే రోజుల్లో నాలుక మీది నుంచి శ్రమపడి తుడిచేసుకున్న యాసను మళ్లీ తెచ్చుకోవడం ఆయన వల్ల కాలేదు. అందుకని దాన్ని ప్రేమించడంతో సరిపెట్టుకున్నారు.

అటువంటి రోజుల్లో తండా నుంచి కమ్లి అనే ఆమె వచ్చింది. నలభై దాటిన లంబాడా రైతుకూలీ. ఇంట్లో వాళ్ల భాష, బయట అందరితో తెలుగు. మిరపచేలలో వంగి వంగి కాయలు ఏరిన ఒళ్లు. పిత్తాశయంలో రాళ్లు, తరచూ కడుపులో నొప్పి, వాంతులు. ఆపరేషన్ చేసి తీయాలి. వెంట భర్త బాలు. మనిషి మంచివాడు, సాయంత్రం పూట మాత్రం కొంచెం తక్కువ మంచివాడు.

వాళ్లు వచ్చిన రోజున నేను కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వెళ్లాను. రోగి వివరాలు సూపరింటెండెంటు గారే స్వయంగా అడిగారు. ఆ సంభాషణను మా హెడ్‌నర్సు విజయమ్మ గారు నాకు తర్వాత అప్పజెప్పారు.

"ఏమ్మా, మందులేమైనా వాడుతున్నావా?"

కమ్లి ముఖం ఎర్రబడిందట. "నేను మందు ముట్ట సారూ. మా తండల ఎవల్నన్న అడుగుండ్రి."

"ఎప్పుడూ వాడలేదా?"

"జన్మల ముట్టలే! గా పీడ మా ఆయనకే."

భర్త మందులు ఇక్కడ అప్రస్తుతం గనుక సూపరింటెండెంటు గారు ముందుకు సాగి, ఏ మందులూ వాడటం లేదని రాసేశారు.

మరునాడు నేను ఆమెను చూశాను. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి, ముఖం మాత్రం పున్నమి చంద్రుడిలా గుండ్రంగా ఉబ్బి ఉంది. చర్మం పలుచబడి, ఎక్కడ పట్టుకున్నా కమిలిపోతోంది. రక్తపోటు చాలా తక్కువ. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ గోలీలు మింగిన వారికే అటువంటి ముఖం వస్తుంది. బయటి నుంచి రోజూ కార్టిసాల్ లాంటి సరుకు దిగుతూ ఉంటే పై అధికారి ఆజ్ఞలు పంపడం మానేస్తాడు, గుమస్తాలు పని మరచిపోతారు. ఆ స్థితిలో కడుపు కోస్తే, కోతను తట్టుకొనే కార్టిసాల్ ఒంట్లో పుట్టదు. రక్తపోటు బల్ల మీదనే జారిపోతుంది. ఎన్ని సీసాల సెలైన్ ఎక్కించినా లేవదు. కారణం తెలియని వారు గుండె ఆగిందని రాస్తారు. గుండె ఆగని మరణం ఏదో నాకు ఇప్పటికీ తెలియదు.

అయితే ఏ మందులూ వాడలేదని సాక్షాత్తు సూపరింటెండెంటు గారి చేతిరాత చెబుతోంది. ఆ ముఖమూ ఆ రాతా ఒకదాన్నొకటి కాదంటున్నాయి. పరీక్ష కోరాను. అవసరమైన సూదిమందును ఒక మిత్రుడు హైదరాబాద్ నుంచి పంపాడు. దాన్ని మా ఫ్రిజ్‌లో ఉంచడానికి సూపరింటెండెంటు గారి పెరుగుగిన్నెను తాత్కాలికంగా బదిలీ చేయవలసి వచ్చింది. ఆయన దాన్ని మనసులో పెట్టుకున్నారు.

పరీక్షకు ముందురోజు సాయంత్రం నేను ఓపీలో చిక్కుకుపోతే, జాగ్రత్తలు కూడా ఆయనే చెప్పారట.

"రేపు పరీక్ష. పొద్దున మందు గిందు ఏమీ తీసుకోవద్దు. తెలిసిందా?"

మాటకు మాట జోడించి 'గిందు' అన్నందుకు తాను ప్రజల భాషలో మాట్లాడానని ఆయన సంతోషించి ఉంటారు. బాలు చేతులు జోడించాడట.

"నేను గూడ ముట్ట సారూ. ఒట్టు."

"శభాష్," అన్నారట సూపరింటెండెంటు గారు. భర్త సహకారం ఆయనకు నచ్చింది.

యంత్రం చదువు

రక్తం తీశాము, సూది ఇచ్చాము, మళ్లీ మళ్లీ రక్తం తీశాము. నమూనాలు వరంగల్ లాబొరేటరీకి వెళ్లి వచ్చాయి. ఫలితం: నార్మల్. చివరి అంకె ఉండవలసిన గీత కంటే పైనే ఉంది.

సూపరింటెండెంటు గారు కాగితాన్ని నా బల్ల మీద పెట్టారు. "మీ గ్రంథి ఉత్తీర్ణురాలైంది. ఎల్లుండి ఆపరేషన్ పెడుతున్నాను. సంతకం చేయండి."

యువకులారా, ఇక్కడ ఆగండి. మీలో చాలామంది ఈ సంతకం చేస్తారు. పాఠ్యగ్రంథం ప్రకారం చివరి అంకె గీత దాటితే చాలు. కాని మూడు అంకెలు ఉన్నప్పుడు మూడింటినీ చూడటం మర్యాద. మొదటి అంకె, అంటే ఆజ్ఞ ఇవ్వక ముందుదే, గీత దాటి ఉంది. ఆజ్ఞ ఇచ్చిన తర్వాత అది దాదాపు కదలలేదు. పిలవక ముందే పలికిన గుమస్తా, పిలిచిన తర్వాత కూడా గొంతు ఏమాత్రం పెంచకుండా అదే మాట అన్నాడన్నమాట. తక్కువ రక్తపోటుతో కళ్లు తిరుగుతున్న మనిషిలో అంత గొప్ప అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

నేను సంతకం చేయకుండా వార్డుకు వెళ్లాను. కమ్లి పడుకొని ఉంది. బాలు మంచం పట్టె పట్టుకొని కూర్చున్నాడు. చేతులు వణుకుతున్నాయి, చెమటలు పోస్తున్నాయి.

"ఏమైంది బాలూ? ఎందుకు వణుకుతున్నావు?"

"వణకనా సారూ? పరీచ్చ ముందురోజుకెంచి మందు ముట్టలే. పెద్దసారే వద్దన్నడు గద. ముడితె పరీచ్చ ఖరాబైతదన్నడు."

"పరీక్ష ఆమెకు కదా, నీకెందుకు వద్దంటారు?"

"ఆమె ఎన్నడు ముట్టది. మరి మందు ముట్టొద్దంటే నాకే గద సారూ? ఆమె కోసం ఒర్సుకుంటున్న."

"ఓ, శాన ఒర్సుకుంటున్నవు," అంది కమ్లి కళ్లు తెరవకుండానే. "రాత్రి గేటు కాడ తాగినోళ్ల పక్కకు పోయి వాసన చూసొచ్చిండు సారూ."

"ఉత్తగ నిలవడ్డనే! మీటింగ్ ఇంటున్న!"

నాకు అప్పుడు విషయం అర్థమైంది. మన పల్లెలలో, తండాలలో మందు అంటే ఏమిటో నేను వివరించనవసరం లేదు. చదువుకున్న వారు దానికి బహువచనం చేర్చి 'మందులు' అంటే అది ఔషధంగా మారిపోతుందని నమ్ముతారు. విన్నవాళ్లకు ఆ 'లు' వినపడదు.

"కమ్లీ, పరీక్ష రోజు పొద్దున ఏం తీసుకున్నవు?"

"ఏం తీస్కోలే సారూ. ఛాయ్ గూడ తాగలే. ఉత్త నీళ్లతోటి గోలి ఏస్కున్న, గంతే."

"ఏం గోలి?"

"బలం గోలి."

"ఎన్నాళ్ల నుంచి?"

"మా పెద్ద పిల్ల పెండ్లి కాకముందుకెంచి. మోకాళ్లు గుంజుతుంటే డాక్టరు ఇచ్చిండు. అది ఏస్తెనే చేన్ల వంగుత. ఎయ్యకపోతె మంచంల ఉంట."

"మరి మందులు వాడుతున్నావా అని పెద్దసారు అడిగితే లేదన్నావెందుకు?"

కమ్లి లేచి కూర్చుంది. నన్ను చూసిన చూపులో జాలి ఉంది. "గోలి మందెట్లయితది సారూ? గోలి గోలే. మందు మందే. గింత సదువుకున్నరు, గది గూడ ఎర్కలేదా?"

ఆమె చెప్పిన డాక్టరు అంటే ఎర్ర మోటారుసైకిలు మీద తండాలు తిరిగే వైద్యుడు. ఆయన డిగ్రీ ఏమిటో ఆయనను అడగడం అమర్యాద. ఫోను చేసి గోలీ పేరు అడిగాను.

"ప్రెడ్నిసలోన్ సార్," అన్నాడు ఎంతో వినయంగా. "చిన్న డోసే సార్. పేషెంట్లు మస్తు హుషారైతరు."

హుషారు కాకేం చేస్తారు! ఆ గోలీ కార్టిసాల్‌కు దగ్గరి బంధువు. రక్తపరీక్ష చేసే యంత్రానికి ఇద్దరి ముఖాలూ ఒకేలా కనిపిస్తాయి. ఆ ఉదయం మింగిన గోలీని కూడా కమ్లి సొంత కార్టిసాల్ కింద జమకట్టి, గ్రంథి దివ్యంగా ఉందని యంత్రం ధ్రువీకరించింది. మేము గ్రంథిని పిలిచాము. దాని బదులు గోలీ "హాజర్" అంది.

నేను సూపరింటెండెంటు గారికి ఇదంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మరి నాతో లేదని ఎందుకు చెప్పింది?"

"మీరు గోలీ గురించి అడగలేదండి."

"మందుల గురించి అడిగాను కదా! తెలుగే కదా మాట్లాడింది!"

"ఇద్దరూ తెలుగే మాట్లాడారండి. అదే వచ్చిన ఇబ్బంది."

ఆ మధ్యాహ్నం ఆయన శిబిరంలో మన భాష గురించి మాట్లాడలేదు. నదీజలాల గురించి మాట్లాడారు.

ఐసు డబ్బా

ఇక్కడ ఒక మాట ఖండితంగా చెప్పాలి. రోగి రక్తపోటు పడిపోయి, ప్రాణం మీదికి వచ్చి, అడ్రినల్ గ్రంథి మీద మీకు అనుమానం కలిగితే, పరీక్ష కోసం ఆగకండి. వీలైతే ఒక సీసా రక్తం తీసి పక్కన పెట్టి, వెంటనే హైడ్రోకార్టిజోన్ ఇవ్వండి. రోగి పోయిన తర్వాత వచ్చే ఫలితాన్ని చూసి మెచ్చుకునే వారుండరు. కమ్లి విషయంలో ఆ తొందర లేదు. రాళ్లు కొన్నాళ్లు ఆగగలవు. పైగా మా మత్తు వైద్యుడు నా అనుమానాన్ని నమ్మి మత్తు ఇవ్వనన్నాడు. అతని పట్టుదల నాకు నచ్చింది.

కమ్లి గోలీని ఒక్కసారిగా ఆపితే కొంప మునుగుతుంది. అందుకని దాని బదులు డెక్సామెథసోన్ ఇచ్చాము. అది కూడా అదే జాతిది, కాని యంత్రం దాన్ని చూసి మోసపోదు. ఒంట్లోంచి పాత గోలీ పూర్తిగా పోయిన తర్వాత పరీక్ష మళ్లీ చేశాము. ఈసారి సూచనలు నేను ఇచ్చాను: మేమిచ్చింది తప్ప వేరే గోలి వద్దు, సూది వద్దు, పసరు వద్దు, బలం పొడి వద్దు. బాలు గాబరాగా అడిగాడు.

"మరి మందు సారూ?"

"అది నీ ఇష్టం. దానితో నాకు పని లేదు."

ఆ రోజుల్లో దవాఖానలో నన్ను అంత కృతజ్ఞతగా చూసిన వాడు మరొకడు లేడు.

నమూనాలు తీసిన రోజు రాస్తారోకో. వాటిని ఐసు డబ్బాలో పెట్టుకొని దవాఖాన జీపులో నేనే వరంగల్ బయలుదేరాను. దారిలో ఒక ఊరి దగ్గర రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒక పెద్దమనిషి గరిటె చేత్తో పట్టుకొనే జీపు ఆపాడు.

"యాడికి సారూ? ఇయ్యాల బంద్. డబ్బల ఏమున్నది?"

"రక్తం."

వెనక ఉన్నవాళ్లు నాలుగడుగులు ముందుకు వచ్చారు. "ఎవలది?"

"తండా ఆమెది. మూత్రపిండాల మీద ఒక గ్రంథి ఉంటుంది. అది పని మానేసింది. నిజంగా మానేసిందో లేదో పరీక్ష చేయించాలి. లేకుంటే ఆపరేషన్ బల్ల మీదనే పోతుంది."

గరిటె మనిషి వెనక్కి తిరిగి కేక వేశాడు. "ఒరే, జరుగుండ్రి! ఒంట్ల గ్రంథి గూడ సమ్మె చేస్తున్నదట!"

"జై తెలంగాణ!" అన్నారు అందరూ. గ్రంథికి ఇంతటి ప్రజాదరణ లభించడం వైద్యచరిత్రలో అదే మొదలై ఉంటుంది.

డబ్బా మూత తీసి చూసిన ఒక అవ్వ మాత్రం నవ్వలేదు. "ఐసు కరిగింది గద నాయినా. గిట్లనే కొంటవోతవా?" అని, మజ్జిగ కోసం తెచ్చిన ఐసుగడ్డను పగలగొట్టించి డబ్బా నిండా వేయించింది. "పో, బిరాన పో. ఆమెకు పిల్లలెంతమందో ఏమో."

ఫలితం సాయంత్రానికి ఫోనులో వచ్చింది. మొదటి అంకె అడుగున ఉంది. ఆజ్ఞ ఇచ్చిన తర్వాత రెండోదీ, మూడోదీ అక్కడే పడి ఉన్నాయి. గ్రంథి పలకలేదు.

అడగడం గురించి

తరువాత భూపాలపల్లిలో పనిచేసినప్పుడు చెల్పూరు కరెంటు ప్లాంటు కూలీలు, గనుల్లో పనిచేసేవాళ్లు దమ్ముతో ఆయాసపడుతూ, కీళ్లనొప్పులతో వచ్చేవారు. అక్కడ నా కింద చేరిన యువవైద్యులు ఒకే ప్రశ్న అడిగేవారు: "ఎనీ మెడికేషన్?" రోగి తల అడ్డంగా ఊపేవాడు. ఇంతకంటే వేగంగా తప్పు చేయడం కష్టం. నేను వాళ్లను మళ్లీ మంచం దగ్గరకు తీసుకెళ్లి, గోలి అడగండి, సూది అడగండి, "ఏది ఏస్తె పని చేస్తవు, ఏది ఎయ్యకపోతె పంటవు" అని అడగండి అనేవాణ్ణి. ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు సగం రోగాలను బయటపెడుతుంది. వాళ్లు విసుక్కునేవారు. విసుక్కుంటూ అడిగినా జవాబు సరిగానే వస్తుంది గనుక నాకు అభ్యంతరం లేకపోయింది.

మోటారుసైకిలు వైద్యులను తిట్టమని నన్ను చాలామంది ఉసిగొల్పుతారు. తిడతాను. నొప్పి తగ్గిందని రోగి సంబరపడటం చూసి, లోపల ఏం ఎండిపోతోందో తెలియకుండా ఏళ్లపాటు స్టెరాయిడ్ పంచడం నేరం. కాని ఆయన తండాకు వెళ్లాడు. కమ్లి మోకాళ్లు మొదటిసారి నొప్పి పుట్టినప్పుడు మేము వెళ్లలేదు. తిట్టేటప్పుడు ఆ వాక్యాన్ని కూడా కలిపి చదవండి.

ఆపరేషన్

మళ్లీ మహబూబాబాద్‌కు వస్తే, కమ్లి రెండో ఫలితం చూసిన తర్వాత సూపరింటెండెంటు గారు వాదించలేదు. అది ఆయనలోని మంచి గుణం, అంకెలకు లొంగుతారు. ఆపరేషన్‌కు ముందు, మధ్యలో, తర్వాత హైడ్రోకార్టిజోన్ ఎంత ఇవ్వాలో నేను రాసి ఇచ్చాను. దాన్ని గోడకు అంటించమన్నారు.

ఆపరేషన్ రోజున కూడా బంద్. బజారులో అన్ని షట్టర్లూ దించి ఉన్నాయి. థియేటరులోకి తీసుకెళ్లే ముందు కమ్లి నా చేయి పట్టుకుంది. అంతవరకూ ఎన్నడూ భయపడినట్టు కనబడని మనిషి.

"సారూ, నా లోపలిది పలుకుతలేదంటున్నరు గద. మరి కోసినప్పుడు నేను లేస్తనా?"

"లేస్తావు. అది పలకకున్నా మేము దాని పని చేస్తున్నాం."

"పక్కనే ఉంటరా?"

"ఉంటాను."

శస్త్రచికిత్స జరిగే గదిలో సాధారణ వైద్యుడికి పని ఉండదు. మూలన నిలబడ్డాను. కోత పెట్టినప్పుడు అందరూ పిత్తాశయాన్ని చూస్తున్నారు. మత్తు వైద్యుడూ నేనూ మాత్రం రక్తపోటును చూస్తున్నాము. అది ఒకసారి కొద్దిగా దిగింది. మత్తు వైద్యుడు నా వైపు చూశాడు. హైడ్రోకార్టిజోన్ మరికొంత ఎక్కించాము. అంకె దిగడం ఆగింది, నిలబడింది, కాసేపటికి మెల్లగా పైకి వచ్చింది. సూపరింటెండెంటు గారు రాళ్లను స్టీలు గిన్నెలో టంగుమని వేశారు. ఆయనకు ఈ సంగతులేవీ తెలియవు. తెలియకపోవడమే మా ఇద్దరి పని సరిగా జరిగిందనడానికి గుర్తు.

బయటకు వచ్చి చేతి తొడుగులు తీస్తూ ఆయన అన్నారు. "చూశారా, ఏమీ కాలేదు! మీరు అనవసరంగా ఇంత హంగామా చేశారు."

"అవునండి," అన్నాను. "ఏమీ కాలేదు."

ఈ వృత్తిలో మీకు దొరికే అత్యున్నత బిరుదు అదే. దాన్ని ఎవరూ శాలువా కప్పి ఇవ్వరు.

మరునాడు ఉదయం వార్డుకు వెళ్లేసరికి ద్వారం దగ్గరికే కమ్లి గొంతు వినబడింది. దిండుకు ఆనుకొని కూర్చుంది. బాలు ఎదుట టిఫిన్ డబ్బా పట్టుకొని నిలబడ్డాడు. వైద్యులు ఒప్పుకున్నారని మెత్తగా వండిన అన్నం తెచ్చాడు. అందులో అన్నం తప్ప ఏమీ లేదు.

"బంద్ గదనే, దుకాన్లు లెవ్వు."

"బంద్ అంటే కూర గూడ బందా? నువ్వు తిన్నప్పుడు ఏం నంజుకున్నవు, చెప్పు! మూతికి ఎర్రగ కారం అంటింది, తుడుస్కోకుంటనే వచ్చిండు సూడు సారూ!"

విజయమ్మ గారు ఆమె చేతికి పట్టీ చుట్టి రబ్బరు బంతి నొక్కుతున్నారు. "జర సప్పుడు చెయ్యకు కమ్లీ, బీపీ చూడాలె."

కమ్లి సప్పుడు ఆపలేదు. విజయమ్మ గారు ఆమె కేకల మధ్యనే చెవి ఒగ్గి విని, నా వైపు తిరిగి అంకె చెప్పారు. నేను ఉద్యోగంలో విన్న అంకెలలో అంత అందమైనది మరొకటి లేదు. ఆమె మాత్రం ఇంకా కూర గురించే తిడుతోంది.